పాటల పోటీలు పాట దారిని మారుస్తాయా? యూరోవిజన్ నుంచి మన చెక్కభజన దాకా

కర్నూలు_కీబోర్డ్:

అందరికీ నమస్కారం. కర్నూల్లో ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. పెళ్ళిళ్ళు, జాతరలు, వినాయక చవితి స్టేజీలు, ఇదే మా బతుకు. మొన్న ఒక ప్రోగ్రాం ముందర సౌండ్ చెక్ చేసుకుంటా ఉంటే, మా ప్యాడ్స్ వాయించే తమ్ముడు ఒక మాటన్నాడు. ప్రపంచంలో పాటల ట్రెండు ఎప్పుడు మారినా దాని వెనక యూరోవిజన్ (యూరప్ దేశాలు ఏటా తలా ఒక పాట పంపి, ఒకరి పాటకు ఒకరు పాయింట్లు వేసుకునే పోటీ) మాదిరి పోటీ ఒకటి ఉంటాదంట. స్వీడన్ పాప్ బృందం అబ్బా అట్లనే వచ్చింది, కెనడా సింగర్ సెలిన్ డియోన్ అట్లనే వచ్చింది అని లెక్క చెప్పినాడు.

నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. స్టేజీ మీదికి జనం పంపే చీటీల్లో సినిమా పాటలు ఉంటాయి, రీల్స్‌లో ఆడే జానపదాలు ఉంటాయి, ఘంటసాల ఉంటాడు. ఏ దేశం పోటీలో ఏ పాట గెలిచిందో, అది వాయించమని అడిగిన మనిషి ఒక్కడు లేడు. అయితే చీటీల్లో రానంత మాత్రాన ప్రభావమే లేదనలేం. మేం వాయించే బీట్లు యాడ నుంచి నడిచొచ్చినాయో మాకే తెలియదు గదా.

అందుకే అడుగుతున్నా. దేశాల మధ్య జరిగే పాటల పోటీలు సంగీతాన్ని నిజంగా మారుస్తాయా, లేక అప్పటికే మారిపోయినదాన్ని స్టేజీ ఎక్కించి చూపిస్తాయా? అవును, కాదు అని వదిలేయకుండా ఉదాహరణలతో చెప్పండి.

ఉరుము_అనంతపురం:

అన్నా, మీ తమ్ముడు చెప్పిందే కరెక్టు. నేను లాప్‌టాప్‌లో బీట్లు చేస్తా. యూరోవిజన్ ఫైనల్ వస్తే మన టైముకు తెల్లారేదాకా మేలుకొని చూస్తా.

1974లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో 'వాటర్లూ' పాడి గెలవకపోయింటే అబ్బాలోని ఆ నలుగురు స్వీడన్ వాళ్ళను ఎవరు పట్టించుకునేవాళ్ళు? గెలిచినాక ఆ పాట బ్రిటన్‌లో నంబర్ వన్, అమెరికాలో ఆరో స్థానం. ఇంగ్లీషు తమ భాష కాని చిన్న దేశం కూడా పాప్ పాటతో ప్రపంచాన్ని ఊపొచ్చని ఆ రాత్రి తేలిపోయింది. 2021లో ఇటలీ బృందం మోనెస్కిన్ గిటార్లు పట్టుకొని రాక్ వాయించి గెలిచింది, అదీ ఇటాలియన్ పాటతో. ఇంత జరిగినాక కూడా పోటీతో ఏమీ మారదంటే నేను ఒప్పుకోను.

గడియారస్తంభం_సార్:

ఉరుము తమ్ముడూ, నేనూ అనంతపురమే. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పాను. నువ్వు చెప్పినవి నిజాలే. అయితే వాటికి ముందు ఏం జరిగింది, తరవాత ఏం జరిగింది అన్నది కూడా చూడు.

వాటర్లూ రాకముందే బ్రిటన్‌లో గ్లామ్ రాక్ రాజ్యమేలుతోంది. మెరిసే బట్టలు, ఎత్తు మడమల బూట్లు, గట్టి డ్రమ్ము, సాక్సోఫోన్ హోరు. వాటర్లూలో వినిపించేది ఆ బాణీయే. అంటే అబ్బా వాళ్ళు కొత్త ట్రెండు తీసుకురాలేదు. బ్రిటన్‌లో నడుస్తున్న బాణీని పట్టుకొని, బ్రిటన్ గడ్డ మీదికే వచ్చి, మిగతా దేశాల ఓట్లతో గెలిచారు. ఆ రాత్రి బ్రిటన్ జ్యూరీ వాళ్ళకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు.

తరవాత సంగతి ఇంకా ముఖ్యం. గెలిచాక బ్రిటన్‌లో వాళ్ళ రికార్డులు ఏడాదికి పైగా సరిగా ఆడలేదు. పోటీలో మెరిసి మాయమైపోయే బృందం అనుకున్నారు. 1975లో 'ఎస్ఓఎస్' వచ్చి నిలబెట్టింది, 1976 జనవరికి 'మమ్మా మియా' నంబర్ వన్ అయింది. ఈ రెండింటికీ ఏ పోటీతోనూ సంబంధం లేదు. అమెరికాలో వాళ్ళకు నంబర్ వన్ తెచ్చిపెట్టిన 'డాన్సింగ్ క్వీన్' డిస్కో గాలిలో పుట్టిన పాట. ఆ డిస్కో న్యూయార్క్ క్లబ్బుల్లో పుట్టింది, అక్కడ జ్యూరీలు లేవు.

మన దేశానికి అబ్బా ప్రభావం ఎట్లా వచ్చిందో కూడా చూడండి. 1977లో వచ్చిన 'హమ్ కిసీసే కమ్ నహీ' సినిమాలో ఆర్.డి. బర్మన్ 'మిల్ గయా హమ్‌కో సాథీ' పాటకు మమ్మా మియా బాణీ వాడుకున్నారు. అప్పుడు మన దేశంలో యూరోవిజన్ చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? రికార్డులు వచ్చాయి, సంగీత దర్శకులు విన్నారు, సినిమా పాటల్లోకి ఎక్కింది. దారి అది.

సెలిన్ డియోన్ 1988లో స్విట్జర్లాండ్ తరఫున పాడి, బ్రిటన్ మీద ఒక్క పాయింటు తేడాతో గెలిచారు. ప్రపంచం ఆమెను తెలుసుకున్నది 1990 నుంచి చేసిన ఇంగ్లీషు ఆల్బమ్‌లతో, సినిమా పాటలతో. ఆ గెలిచిన ఫ్రెంచి పాటను ఇప్పుడు ఎవరు పాడుతున్నారు?

ఉరుము_అనంతపురం:

సార్, తలుపు తెరిచింది పోటీయే గదా. తెరుచుకోని తలుపు ముందర ఎంత మంచి పాట ఉన్నా ఏం లాభం? మోనెస్కిన్ సంగతి చెప్పలేదు మీరు.

గడియారస్తంభం_సార్:

చెబుతాను. పోటీ అయ్యాక ప్రపంచమంతా ఫోన్లలో మోగిన వాళ్ళ పాట 'బెగ్గిన్'. అది యూరోవిజన్‌లో పాడింది కాదు. 1967 నాటి అమెరికా పాటను వాళ్ళు 2017లో ఇటలీ టీవీ పోటీలో తిరగపాడారు. యూరోవిజన్ గెలిచాక జనం వాళ్ళ పాత పాటలు వెతికి దాన్ని పట్టుకున్నారు. తలుపు తెరుస్తుందన్న నీ మాట నేను కాదనను. లోపలికి ఏ పాట వెళ్తుందో మాత్రం జ్యూరీ చేతిలో లేదు.

పెన్నా_గట్టు:

కడప నుంచి. సార్ చెప్పినదానికి నాదొక మాట కలుపుతా. గెలిచిన పాటల కంటే ఓడిన పాటలే దూరం పోయినాయి. ఇది నా చిన్నప్పటి రేడియో రోజుల నుంచి నేను గట్టిగా నమ్మే సంగతి.

1958లో ఇటలీ నుంచి డొమెనికో మొదూన్యో పాడిన 'వొలారె' యూరోవిజన్‌లో మూడో స్థానం. అదే పాట అమెరికాలో నంబర్ వన్ అయింది, మొట్టమొదటి గ్రామీ అవార్డుల్లో ఆ ఏటి ఉత్తమ రికార్డు, ఉత్తమ పాట రెండూ అదే. 1967లో లక్సెంబర్గ్ పాట 'లామూర్ ఎ బ్లూ' నాలుగో స్థానం. పాల్ మోరియా అనే ఆయన మాటలు తీసేసి వాద్యాలతో వాయిస్తే 1968లో అమెరికాలో నంబర్ వన్. ఆ వయొలిన్ల పాట నేను మా ఇంట్లో రేడియో సిలోన్‌లో విన్నా. పోటీ పాట అని యాడ తెలుసు! 2022లో ఆర్మీనియా అమ్మాయి రోసా లిన్ పాడిన 'స్నాప్' ఇరవయ్యో స్థానంలో నిలిచింది. ఆ తరవాత టిక్‌టాక్‌లో పడి దేశదేశాల్లో మోగింది.

అన్నిటికంటే నన్ను కదిలించేది పోర్చుగల్ పాట. ఉరుము చెప్పిన అదే 1974 బ్రైటన్ పోటీలో పాలో ది కర్వాల్యు పాడిన పాటకు మూడే పాయింట్లు, ఆఖరి స్థానం పంచుకున్నాడు. ఆ నెలలోనే, ఏప్రిల్ 24 రాత్రి, లిస్బన్‌లో ఆ పాట రేడియోలో వేశారు. నియంతృత్వాన్ని కూలదోయడానికి సైనికులు పెట్టుకున్న మొదటి గుర్తు అది. తెల్లారేసరికి తిరుగుబాటు మొదలైంది. కార్నేషన్ విప్లవం అంటారు. ఒక దేశం తలరాత మారేటప్పుడు ఆ పాట మోగింది, పోటీలో మాత్రం అట్టడుగు.

కడప_బిడ్డ_డబ్లిన్:

పెన్నా గట్టు పెద్దనాన్నా, మాది యర్రగుంట్ల పక్కన. ఇప్పుడు డబ్లిన్‌లో ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్నా. మీరు చెప్పిన లెక్కకు ఇక్కడి సంగతి ఇంకొకటి కలపండి.

1994లో యూరోవిజన్ డబ్లిన్‌లోనే జరిగింది. పాటలన్నీ అయిపోయి ఓట్లు లెక్కపెట్టే విరామంలో జనానికి కాలక్షేపంగా ఏడు నిమిషాల ఐరిష్ నాట్యం పెట్టారు. అదే రివర్‌డాన్స్. సంగీతం బిల్ వీలన్ చేశారు. మరుసటి ఏడాదికే అది పూర్తి ప్రదర్శన అయింది, ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది, దేశాలన్నీ తిరిగింది. ఇక్కడ నాతో పనిచేసే ఆవిడ చెబుతారు, అంతకు ముందు చేతులు ఒంటికి అంటించుకొని బిగుసుకొని ఆడే నాట్యం అది, రివర్‌డాన్స్ తరవాత పిల్లలు నేర్చుకునే తీరే మారిందని. ఆ ఏడాది గెలిచిన పాట కూడా ఐర్లాండ్‌దే. దాని గురించి ఎవరూ మాట్లాడరు. పోటీలోనే లేని విరామం అంశం ట్రెండు అయింది.

కర్నూలు_కీబోర్డ్:

చెల్లెమ్మా, ఇది నాకు కొత్త సంగతి. మంచిగా చెప్పినావు.

సార్, నాకొక అనుమానం. గెలుపు ఓటములు పక్కన పెడదాం. పోటీకి నియమాలు ఉంటాయి గదా. ఆ నియమాల వల్ల పాట కట్టే పద్ధతి మారిందా? వాయించేవాణ్ణి కాబట్టి నాకు అదే ముఖ్యం.

గడియారస్తంభం_సార్:

అడగాల్సిన ప్రశ్న అడిగావు. నా దృష్టిలో పోటీల అసలు ప్రభావం ఇక్కడే.

ఒకటి, పాట మూడు నిమిషాలు దాటకూడదు. పల్లవి తొందరగా రావాలి, చివర్లో ఒక ఎత్తుకు తీసుకెళ్ళాలి, ఒక్కసారి విన్న మనిషికి గుర్తుండాలి. రెండు, భాష. 1966 నుంచి ఎవరి దేశ భాషలో వాళ్ళు పాడాలన్నారు. 1973లో సడలించారు. వాటర్లూ ఇంగ్లీషులో వచ్చింది ఆ సందులోనే. 1977లో మళ్ళీ బిగించి, 1999లో పూర్తిగా ఎత్తేశారు. ఎత్తేశాక ఏళ్ళ తరబడి గెలిచినవన్నీ దాదాపు ఇంగ్లీషు పాటలే. 2007లో సెర్బియా తన భాషలో పాడి గెలిచింది, 2017లో పోర్చుగల్, 2021లో ఇటలీ, 2022లో ఉక్రెయిన్. ఈ మధ్య సొంత భాషలు తిరిగి వస్తున్నాయంటే నాకు సంతోషంగా ఉంది.

పాటలు రాసేవాళ్ళ తీరు కూడా మారింది. 2011లో గెలిచింది అజర్‌బైజాన్, ఆ పాట రాసినవాళ్ళలో స్వీడన్ వాళ్ళున్నారు. స్వీడన్‌లో జాతీయ స్థాయి పోటీ 1959 నుంచి నడుస్తోంది. పోటీకి పనికొచ్చే పాట ఎట్లా కట్టాలో అక్కడ ఒక చేతిపనిలా నేర్చుకున్నారు, పక్క దేశాలకూ రాసిస్తున్నారు.

మూడోది నీకు బాధ కలిగిస్తుంది. 1998 దాకా స్టేజీ దగ్గర నిజమైన ఆర్కెస్ట్రా ఉండేది. ప్రతి దేశం తన కండక్టర్‌ను, అంటే ఆర్కెస్ట్రాను నడిపించే మనిషిని, తెచ్చుకునేది. వాటర్లూ అంటే నెపోలియన్ ఓడిన యుద్ధం పేరు కాబట్టి, ఆ రోజు స్వీడన్ కండక్టర్ నెపోలియన్ వేషంలో వచ్చారు. 1999 నుంచి ఆర్కెస్ట్రా లేదు. గొంతు ఒక్కటే అక్కడికక్కడ పాడతారు, వాద్యాలన్నీ ముందే రికార్డు చేసిన ట్రాక్.

కర్నూలు_కీబోర్డ్:

సార్, నిజంగానే బాధయింది. మా దగ్గర జరుగుతా ఉండేది ఇదే.

ముందు పెళ్ళి కచేరీ అంటే కీబోర్డు, తబలా, ఢోలక్, ప్యాడ్స్, గిటార్, ఫ్లూటు, ఇద్దరు ముగ్గురు సింగర్లు. వ్యానుకు సరిపడా మనుషులం. ఇప్పుడు ట్రాక్ వేసుకొని పాడే సింగర్లు ఇద్దరు వస్తే చాలంటారు. డబ్బు తక్కువ, స్టేజీ చిన్నది, సౌండు సినిమాలో మాదిరే ఉంటాది. మా ఫ్లూటు ఆయన ఇప్పుడు కల్లూరు దగ్గర టీ అంగడి పెట్టుకున్నాడు. ఆయన ఊదే హంసధ్వని వింటే అన్నం ముందర కూర్చున్నోళ్ళు చెయ్యి ఆపేవాళ్ళు.

అక్కడ ఆ పెద్ద పోటీ ఆర్కెస్ట్రా తీసేసిందని ఇక్కడ మావాళ్ళ పని పోలేదు. ఆ మాట నేననను. రెండు చోట్లా ఒకే యంత్రం వచ్చింది, ఖర్చు లెక్క ఒకటే. అయితే అంత పేరున్న పోటీ, డబ్బుకు కొరత లేని పోటీ, ఆర్కెస్ట్రాను నిలబెట్టుకొని ఉంటే ప్రపంచంలో వాయిద్యగాళ్ళందరికీ ఒక గౌరవం మిగిలేది. అది చేతిలో ఉండి చేయలేదు. నాకు కోపం అక్కడ.

భజన_గురువు_జమ్మలమడుగు:

నా మనవడు ఈ రాతలన్నీ చదివి వినిపిచ్చినాడు. నేను చెప్తాంటే వాడే రాస్తాండాడు.

మేము చెక్కభజన నేర్పుతాం. మా నాయన గురువే, నేనూ గురువే. మీరు యూరప్ పోటీకి మూడు నిమిషాలని చెప్తాండారే, మాకూ అదే జరిగిందబ్బా. ముందు రామాయణంలో ఒక ఘట్టం ఎత్తుకుంటే రాత్రి శానాసేపు నడిచేది. అడుగు మెల్లగా మొదలుపెట్టి, కత జరిగేకొద్దీ వేగం పెంచుకుంటా పోతిమి. జనం కూడా తీరిగ్గా కూసోని ఇనేటోళ్ళు. తిరునాళ్ళలో భజన పోటీలు పెట్టినాక జట్టుకు ఇంత టైమని కట్టినారు. ఇంగ మెల్లటి అడుగు యాడ ఉంటాది? మొదట్నుంచే దూకుడు. కులుకులు, గిరకలు, మనిషి మీద మనిషి ఎక్కి నిలబడేది. బాగుందని చప్పట్లు కొడతారు, బహుమానం ఇస్తారు. పాటలు గూడా సినిమా వరసల్లోకి మారినాయి, ఇనంగానే జనానికి పట్టుబడతాయని.

మంచి కూడా ఉండాది. పోటీలు లేకుంటే మా ఊరి పిల్లోళ్ళు చెక్కలే పట్టరు. కప్పు గెల్చుకోవాలని పొలం పని అయినాక వచ్చి నేర్చుకుంటాండారు. అడుగులో ఈళ్ళకుండే ఒడుపు మాకు లేదు. కాకపోతే మా నాయన నేర్పిన నిదానపు పదాలు పాడేదానికి ఇప్పుడు నా జట్టులో ఎవురికీ రాదు. అవి పోటీకి పనికిరావు కాబట్టి నేనూ నేర్పలే.

లలిత_టీచర్_కడప:

గురువుగారికి నమస్కారాలు. మీరు చెప్పినది నా మనసులో ఉన్న మాటకు దారి చూపింది.

నేను కడపలో పిల్లలకు సంగీతం చెబుతాను. మా విద్యార్థుల తల్లిదండ్రుల్లో చాలామంది టీవీ పోటీల కోసమే పంపుతారు. అందులో తప్పు పట్టను. 1996లో బాలుగారు 'పాడుతా తీయగా' మొదలుపెట్టినప్పటి నుంచి తెలుగు పిల్లల గొంతు మారింది. ఉచ్చారణ మీద శ్రద్ధ వచ్చింది, పాట రాసిందెవరో స్వరపరిచిందెవరో చెప్పి పాడడం వచ్చింది. హిందీ టీవీ పోటీలో 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ గెలిచారు. మన పిల్లలు ఎక్కడైనా నిలబడగలరని రుజువైంది.

అయితే ఈ పోటీలన్నిటిలో పాడేది పాత పాట. ఎవరో ఎప్పుడో సినిమాకు కట్టిన పాటను ఎంత బాగా పాడావన్నదే పరీక్ష. యూరోవిజన్‌లో అట్లా కాదు, ప్రతి పాటా ఆ ఏడాదికి కొత్తదే. ఇటలీలో 1951లో మొదలైన సాన్రెమో ఉత్సవమూ కొత్త పాటల పోటీయే. దాన్ని చూసే యూరోవిజన్ పుట్టింది. వొలారె కూడా ముందు సాన్రెమోలో గెలిచి, ఆ తరవాత బయటికి వెళ్ళింది. అందుకే ఇటలీలో ప్రతి ఏడాదీ కొత్త రచయితలకు, కొత్త స్వరకర్తలకు ఒక చోటు ఉంది. మనకు ఉన్నవి గాయకులను తయారుచేసే పోటీలు. పాటలు తయారుచేసే పోటీ మనకు లేదు. కాబట్టి మన పోటీలు గొంతులను మార్చాయి కానీ పాటను మార్చలేదు. పోటీలు ట్రెండును మారుస్తాయా అంటే నేను ముందు అడిగేది ఇదే: అక్కడ కొత్త పాట కడుతున్నారా, లేదా?

ఉరుము_అనంతపురం:

టీచర్, ఈ మాట నేనెప్పుడూ ఆలోచించలేదు. మరి 'నాటు నాటు'? కొత్త పాట, మన పాట, 2023లో గోల్డెన్ గ్లోబ్, ఆస్కార్ రెండూ గెలిచింది. అది ట్రెండు కాదా?

కర్నూలు_కీబోర్డ్:

తమ్ముడూ, దీనికి నేను చెప్తా, నా కళ్ళతో చూసింది కాబట్టి. ఆ పాట 2021 నవంబర్‌లో బయటికి వచ్చింది. ఆ వారం నుంచే మాకు చీటీలు మొదలు. పెళ్ళికొడుకు స్నేహితులు వరసగా నిలబడి ఆ స్టెప్పు వేసేవాళ్ళు. ఆస్కార్ వచ్చేసరికి మేం దాన్ని వాయించీ వాయించీ ఉన్నాం. అవార్డు వచ్చినాక స్కూలు వార్షికోత్సవాల్లో మళ్ళీ ఒక ఊపు వచ్చింది, నిజమే. కీరవాణి గారు, చంద్రబోస్ గారు ఆ స్టేజీ మీద నిలబడితే నాకు కళ్ళలో నీళ్ళొచ్చినాయి. కానీ ఆ బీటు అంతకు ముందే మన ఊళ్ళలో ఉంది, మన డప్పులో ఉంది. అవార్డు దాన్ని పుట్టించలేదు.

గడియారస్తంభం_సార్:

ఇంకొకటి. 2025 సెప్టెంబర్‌లో మాస్కోలో ఇంటర్‌విజన్ అనే పోటీ జరిగింది. మన దేశం కూడా గాయకుణ్ణి పంపింది. వియత్నాం గెలిచింది. ఈ వేదికలో ఉన్నవాళ్ళలో ఆ పాటలు ఎవరైనా విన్నారా? ఇంకోవైపు 2012లో కొరియా నుంచి వచ్చిన 'గంగ్నమ్ స్టైల్' ఏ పోటీకీ వెళ్ళలేదు. యూట్యూబ్‌లో వంద కోట్ల వీక్షణలు దాటిన మొదటి వీడియో అదే. అనంతపురంలో ఆటో స్టాండు దగ్గర కూడా ఆ గుర్రపు స్టెప్పు వేశారు.

లలిత_టీచర్_కడప:

అందుకే నేను ఇంకో మాట ప్రతిపాదిస్తున్నాను. మనమే ఒక కొత్త పాటల పోటీ పెడదాం. కర్నూలు, అనంతపురం, కడప, మూడు చోట్లకూ తెరిచి ఉంచి. పాట కొత్తదై ఉండాలి, మన సీమ మాటల్లో ఉండాలి, వాద్యాలు అక్కడే వాయించాలి, ట్రాక్ వద్దు. రాసినవారి పేరు, స్వరపరిచినవారి పేరు పాడేవారి పేరుతో సమానంగా ప్రకటించాలి.

ఉరుము_అనంతపురం:

నేను రెడీ టీచర్. ఉరుము వాద్యం శబ్దాన్ని నా బీట్లలో కలపాలని శానా రోజుల నుంచి అనుకుంటాండా. లాప్‌టాప్ వద్దంటే ఉరుముల కళాకారులనే స్టేజీకి పిలుచుకొస్తా. ఒక్కటే అడుగుతా, టైం ఎంత?

పెన్నా_గట్టు:

గురువుగారి మాట విన్నాక మూడు నిమిషాలు, అయిదు నిమిషాలు అని కట్టడానికి నాకు మనసొప్పదు. జట్లు తక్కువ పెట్టుకొని ఒక్కో జట్టుకు అర్ధగంట ఇద్దాం. రాత్రంతా అయినా కూర్చుంటాం.

భజన_గురువు_జమ్మలమడుగు:

అర్ధగంట ఇస్తే మెల్లటి అడుగుతో మొదలుపెడతా. మా నాయన పుస్తకం ఉండాది, పదాలు అందులోటివి, వరస నాకు గ్యాపకమే. పాతవి వద్దు కొత్తవే అంటే ఆ వరసలో కొత్త కత కట్టిస్తా, గండికోట మీద. మనవడు రాస్తానంటాండాడు.

కడప_బిడ్డ_డబ్లిన్:

గురువు తాతా, మొదట ఆ పాత పదాలు ఫోన్‌లోనైనా రికార్డు చేయించండి, పోటీతో పనిలేకుండా. మనవడికి నేను మెసేజ్ పెడుతున్నా.

కర్నూలు_కీబోర్డ్:

సౌండు నాది, కిరాయి తీసుకోను. ఫ్లూటు ఆయనతో ఈ సాయంత్రమే మాట్లాడతా. గురువుగారూ, మీ జట్టు గుండ్రంగా తిరుగుతా ఆడతాది కాబట్టి స్టాండు మైకులు పనికిరావు, కాళ్ళకు అడ్డం పడతాయి. పైన కమ్మీ కట్టి మైకులు వేలాడదీయాలి. మీ గుండ్రం వెడల్పు ఎన్ని అడుగులు ఉంటాదో, మనుషులు ఎంతమందో మనవడితో రాయించండి. దాన్నిబట్టి స్టేజీ కొలత చెప్తా.